మస్కట్ నుంచి పార్సెల్

"దొంగ! పట్టుకోండ్రి!"

సుశీల కేకకు దాజీ పేట్ గల్లీ అంతా బయటికొస్తుంది.

అప్పుడే చీకటి పడింది. ముందు కొరియర్ కుర్రాడు... భుజాన సంచి. వెనక జనం. అందరికంటే ముందు సుశీల. ఆమె వెనకే తుషార్, చేతిలో ఇనుప రాడ్!

వాడు పవర్‌లూమ్ షెడ్డులోకి దూరతాడు. మగ్గాల సందుల్లోంచి దూసుకుపోతాడు. ధడ్ ధడ్ ధడ్... ఎవరి అరుపూ ఎవరికీ వినబడదు.

సుశీల పరుగెత్తుతూనే ఉంది. కోపం లేదు. భయం లేదు. కాజల్ పోయినప్పటి నుంచి ఇంతే. వేళ్లు బీడీలు చుడతాయి. కాళ్లు నడుస్తాయి. లోపల ఏమీ కదలదు.

కాజల్ తుషార్ చెల్లెలు. పక్కింటి పిల్ల. లండన్ నుంచి గిఫ్టొచ్చింది, కస్టమ్స్ కట్టమని ఎవడో ఫోన్ చేశాడు. కట్టింది. మళ్లీ కట్టమన్నాడు. తల్లి పుస్తెలమ్మి కట్టింది. గిఫ్ట్ రాలేదు. ఇంట్లో మొహం చూపలేక ఉరేసుకుంది.

కిందికి దించింది సుశీలే.

ఇవాళ ఈ కొరియర్ కుర్రాడు సుశీల గుమ్మంలోనే నిలబడ్డాడు!

"మస్కట్ నుంచి గిఫ్టొచ్చిందక్కా. డ్యూటీ కడితే ఇస్త."

"ఉత్తగ పంపినదానికి పైసలేంది?"

"గిఫ్టైనా టాక్స్ పడ్తదక్కా. మా ఆఫీసోళ్లు ముందుగాల కట్టిండ్రు. ఇగో, రసీదు..."

రసీదు! కాజల్‌కీ వచ్చింది రసీదు. ముద్రతో సహా!

అప్పుడే కేకేసింది.

షెడ్డు వెనక ఇనుప మెట్లు. వాడు ఎక్కుతాడు. ఆమె ఎక్కుతుంది. డాబా! పక్క డాబాకూ దీనికీ మధ్య ఇరుకు సందు. వాడు పిట్టగోడ ఎక్కుతాడు...

సుశీల సంచి పట్టీ దొరకబుచ్చుకుంటుంది!

"ఇడువక్కా! నా పేరు ప్రతీక్. కొంతం చౌక్ ఆఫీసుల చేస్త. ఫోన్ చేసి అడుగు!"

"ఎవర్ని అడగాలె? కాజల్‌నా?"

మెట్ల మీద తుషార్ అడుగులు. ప్రతీక్ అటు చూస్తాడు.

దూకుతాడు!

సుశీల పట్టీ గుంజుతుంది... అది తెగుతుంది. సంచి ఆమె చేతిలో.

కింద ఒకే ఒక్క చప్పుడు.

సుశీల తొంగి చూడదు. సంచి విప్పుతుంది. అట్టపెట్టె. మీద ఆమె పేరు. పంపినవారు: మరియం, మస్కట్.

మరియం మేడమ్! ఆ ఇంట్లో సుశీల పనిచేసింది. ఆమె కొడుకుని ఎత్తుకు పెంచింది. పోయినేడు ఫోన్ చేసినప్పుడు మేడమ్ అడిగింది... నీ బిడ్డ ఋతుజకు ఇంకా చెవులు వినబడవా అని.

పెట్టెలో పత్తి. పత్తిలో రెండు చిన్న చెవి మెషీన్లు.

"అక్కా, దొరికిండా?" తుషార్ డాబా మీదికొచ్చాడు.

"దొంగ కాదురా. పార్సెల్ నిజమే."

"కాజల్ గూడ గట్లనే నమ్మింది!"

కింద నుంచి ఎవరో అరుస్తారు. "ఊపిరున్నది! బతికే ఉన్నడు!"

తుషార్ గిర్రున మెట్లవైపు తిరుగుతాడు. రాడ్ బిగిస్తాడు.

సుశీల మెట్లకు అడ్డంగా నిలబడుతుంది.

"జరుగక్కా!"

"దొంగ అని ఒర్రింది నేను. గుంజింది నేను. అతను ఏం చేసిండురా?"

"నా చెల్లె సచ్చింది! జరుగు!"

"ముందు నన్ను కొట్టి దిగు."

తుషార్ కళ్లు ఆమెను చూడటం లేదు. రాడ్ పైకి లేస్తుంది...

సుశీల మీదికే దిగుతుంది!