లోపలి గడియ

ఆదివారం పూటైనా కాస్త ఆలస్యంగా లేద్దామనుకుంటే ఆ ఇంట్లో కుదిరే పని కాదు. తెల్లారీ తెల్లారకముందే గుర్రుమంటూ మోత మొదలైంది. నర్సమ్మ మంచం మీదే కళ్ళు తెరిచి, కొడుకు ఇవాళ ఏ గోడ మీద పడ్డాడో అనుకుంది.

ఆవిడ ఆస్పత్రి ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా వీధి వీధంతా ఇప్పటికీ నర్సమ్మ అనే పిలుస్తుంది. కొడుకు ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయే ఆ మనిషికి, మల్టీటూల్ కొనుక్కున్నప్పటి నుంచీ రెక్కలొచ్చాయి. చేతిలో ఇమిడిపోయే యంత్రం అది. ముందు తగిలించిన బ్లేడు చక్రంలా తిరగదు, అటూ ఇటూ వెంట్రుకవాసి కదులుతూ వణుకుతుంది, అంతే. ఆ వణుకుతోనే చెక్క కోస్తుంది, మేకు తెంపుతుంది. బ్లేడు మారిస్తే పలకల సందుల్లో పాత సిమెంటు గీకుతుంది, ఏ రంపమూ దూరని మూలల్లోకి దూరి పాత రంగు రుద్దేస్తుంది. నేలకు రాసుకునే తలుపుల అడుగులు కోశాడు, వంటింటి పలకల సందులు బాగుచేశాడు, బాగుచేయాల్సినవి అయిపోయాక బాగున్న వాటి మీద కూడా కన్నేశాడు.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! ఆ గోడని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అని కేకేసింది కోడలు వంటింట్లోంచి.

"ఇదిగో, ఈ ఒక్క మూల అయిపోతే..."

"మీ ఒక్క మూల సంగతి నాకు తెలీదా? ఇల్లంతా మూలలే."

నర్సమ్మ నవ్వుకుంటూ వచ్చి కూర్చుని, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. ఒక చేత్తో పట్టుకునే రోజులు పోయాయి. "ఒరే, దాని వణుకు చూడు, ఎన్ని పనులు చేసిపెడుతోందో. నా వణుకు కాఫీ ఒలకబోయడానికి తప్ప దేనికీ పనికిరాదు," అంది. కోడలు నవ్వింది. కొడుకు నవ్వలేదు. మాత్రలతో ఆ వణుకు కాస్త తగ్గుతుందే గాని పోదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన కూర్చున్నది అతనే.

కాఫీ అయ్యాక ఆవిడ స్నానానికి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. పెట్టడం ఎలాగో పెట్టింది గాని, స్నానం అయ్యాక తియ్యబోతే రాలేదు. గడియకున్న బొడిపె చూస్తే బఠాణీ గింజంత. తడి వేళ్ళు దాని మీద నిలవలేదు. లాగితే జారింది, మళ్ళీ లాగితే మళ్ళీ జారింది. తువ్వాలు చుట్టుకుని ఇక చేసేదేమీ లేక తలుపు తట్టింది.

"ఒరే నాన్నా, గడియ రావట్లేదురా."

కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "కంగారు పడకమ్మా. తలుపు దగ్గర్నుంచి పక్కకి జరుగు. పడ్డావా ఏమన్నా? దెబ్బ తగిలిందా?"

ఆవిడ పలకలేదు. పలికితే తలుపు తోసుకుని వచ్చేస్తాడేమో, ముందు ఒంటి మీద బట్ట ఉండాలి కదా! గౌను తల మీంచి వేసుకోబోతే చేతులు రెండూ లోపలే చిక్కుకున్నాయి. బయట అతను అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆ పిలుపులు ఆగి యంత్రం మోత మొదలైంది. తలుపుకీ గుమ్మానికీ మధ్యనున్న సన్నని సందులోంచి బ్లేడు లోపలికి వచ్చి గడియ కడ్డీని కోసేసింది. తెగిన ముక్క నేల మీద పడింది. తలుపు మెల్లగా తెరుచుకునేసరికి గౌను నడుము దాకానే దిగింది. నర్సమ్మ గోడవైపు తిరిగిపోయింది. కొడుకు ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకున్నాడు. కోడలు వచ్చి మిగతాది సర్దింది. ముగ్గురిలో ఎవరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు కోడలు ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చేసరికి, ఆఫీసుకి సెలవు పెట్టిన కొడుకు పని పూర్తి చేసేశాడు. స్నానాల గది తలుపుకి గడియ లేదు. ఆవిడ పడకగది తలుపుకీ లేదు. స్క్రూల కన్నాల్లో లప్పం పెట్టి, నున్నగా రుద్ది, పైన రంగు కూడా వేసేశాడు. అక్కడ ఒకప్పుడు గడియ ఉండేదని చెబితే తప్ప తెలియదు.

"ఇక భయం లేదమ్మా," అన్నాడు కొడుకు చేతులు దులుపుకుంటూ.

నర్సమ్మ ఏమని వాదిస్తుంది? ఉద్యోగం చేసినన్నాళ్ళూ వార్డులో ముసలివాళ్ళందరికీ గడియ పెట్టుకోవద్దని చెప్పింది ఆవిడే. పెట్టుకున్నవాళ్ళని కసిరింది కూడా. అన్నీ తెలిసినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను అనుకుని ఊరుకుంది.

ఊరుకున్నంత మాత్రాన మనసు ఊరుకుంటుందా? ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళాక గాని స్నానం చేసేది కాదు. అదీ బకెట్టు తెచ్చి తలుపుకి అడ్డం పెట్టుకుని, వీధిలో ఏ చప్పుడైనా ఉలిక్కిపడుతూ. సాయంత్రాలు మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. తాగితే మళ్ళీ ఆ గదికి వెళ్ళాలి.

"అత్తయ్యా, పొద్దున నింపిన సీసా నింపినట్టే ఉంది. పెదాలు చూడండి ఎలా ఎండిపోయాయో," అంది కోడలు.

"దాహం లేదమ్మాయ్."

"దాహం లేకపోవడమేంటి? నర్సు ఉద్యోగం చేసిన మీకు నేను చెప్పాలా?"

నర్సమ్మ బట్టలు మడతపెట్టసాగింది. మడతలు కుదరలేదు.

ఒక సెలవు రోజు ఉదయం జరగాల్సింది జరిగింది. కొడుకు ఫోనులో మాట్లాడుతూ, ధ్యాస లేకుండా స్నానాల గది తలుపు తోశాడు. బకెట్టు దొర్లింది. నర్సమ్మ లోపల ఉంది.

"బయటికి పో!" అని అరిచింది. ఆ గొంతు విని అతను చిన్నప్పుడు కూడా అంత బెదిరి ఉండడు.

ఆవిడ హాల్లోకి వచ్చేసరికి భార్యాభర్తలు అప్పటికే మాట మాట అనుకుంటున్నారు.

"తలుపు తట్టి వెళ్ళొచ్చుగా! ఆమాత్రం తెలీదూ?"

"గడియ లేదు కదా, ఖాళీగా ఉందనుకున్నా."

"గడియ లేకపోవడం ఎవరి పుణ్యం రా?" అంది నర్సమ్మ. "నా తలుపు గడియ పీకేముందు ఒక్క మాట నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను. అందుకే అడగాలి!"

"మళ్ళీ ఇరుక్కుంటే? లోపల పడిపోతే? ఆస్పత్రిలో అందరికీ గడియ పెట్టొద్దని చెప్పింది నువ్వు కాదా?"

దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. నర్సమ్మ కుర్చీలో కూలబడింది. "చెప్పాను. వాళ్ళ మంచికే చెప్పాను. చెప్పి, ఇంటికొచ్చి, నా తలుపు నేను గడియ పెట్టుకుని స్నానం చేశాను. ఇప్పుడు నా చెయ్యి నా మాట వినదు. రేపో మాపో కాలూ వినదు. ఆ గడియ ఒక్కటైనా నా చేతిలో ఉందనుకున్నాన్రా."

"అదీ వినలేదు కదమ్మా!" అన్నాడు కొడుకు. అనేశాక తనే తట్టుకోలేకపోయాడు. "పడ్డావా అని అడిగాను. ఎన్నిసార్లు పిలిచానమ్మా! నువ్వు పలకలేదు. తలుపు తన్నేద్దామంటే అది లోపలికి తెరుచుకునే తలుపు. వెనకాలే పడి ఉంటే నీ తలకే తగులుతుంది. ఆ సందులో బ్లేడు పెట్టి కోస్తూ ఏమనుకున్నానో తెలుసా? తలుపు తీసేసరికి నువ్వుండవనుకున్నాను. గడియ కనబడితే చాలు, నాకు అదే గుర్తొస్తోంది."

అంతటి మగవాడూ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"బట్టలు వేసుకుంటున్నాన్రా," అంది నర్సమ్మ. "పలికితే లోపలికి వచ్చేస్తావేమోనని... అందుకే పలకలేదు. అంతేరా."

"బట్టలా!" అని తలెత్తాడు. నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

ఆస్పత్రి తలుపుల బయట నిలబడినవాళ్ళని ఆవిడ తన జీవితంలో ఎంతమందిని చూసిందో! లోపల్నుంచి ఒక్క మాట వినబడక వాళ్ళు పడే నరకం ఆవిడకు తెలియనిది కాదు. అలాంటిది తన బిడ్డ తన తలుపు బయట నిలబడితే, తన సిగ్గు తప్ప మరేదీ గుర్తు రాలేదు. కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి కుదురుగా రాలేదు. కొడుకే వచ్చి తన చొక్కా అంచుతో తుడిచాడు.

"ఇకమీదట ఎలా ఉన్నా పలుకుతాను. ఒంటి మీద నూలుపోగు లేకపోయినా పలుకుతాను, సరేనా? కానీ నా గడియ నాకు కావాలి."

"ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పమ్మా," అన్నాడతను.

ఆ సాయంత్రమే యంత్రం మళ్ళీ మోగింది. ఈసారి కోడలు కూడా ఏమీ అనలేదు. నర్సమ్మ మోచెయ్యి ఆనించి చూపించిన ఎత్తులో, స్నానాల గది తలుపు అంచున కొత్త తాళం కూర్చునేంత గూడు తొలిచాడు. పొడవాటి పిడి బిగించాడు. వేళ్ళతో పని లేదు, మోచేత్తో నొక్కితే చాలు, గడియ పడుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. బయటివైపు ఒక గాడి ఉంది. మరీ అవసరమైతే చెంచా కొనతో తిప్పినా తెరుచుకుంటుంది. ఆవిడ చేత పదే పదే నొక్కించి చూశాక గాని అతనికి తృప్తి కలగలేదు.

మర్నాడు ఉదయం నర్సమ్మ గడియ వేసుకుని, చాలా రోజుల తరువాత తీరిగ్గా స్నానం చేసింది.

"అమ్మా!" అని వినబడింది బయట్నుంచి.

"ఆఁ, ఉన్నాను."

అడుగుల చప్పుడు దూరమైంది. గౌను ఈసారి తిన్నగానే తొడుక్కుంది గాని గుండీలు పట్టలేదు. మొదటిది కన్నం దాకా వెళ్ళి జారిపోయింది. రెండోది కన్నం దాకా కూడా వెళ్ళలేదు. అద్దం దగ్గరికి వెళ్ళి చూస్తూ పెట్టుకోబోయింది. గోడకు ఆనుకుని, మోచేతులు ఒంటికి నొక్కిపెట్టి చూసింది. నిన్నటిదాకా కొడుకు మీద కోప్పడింది, గడియ లేదని ఏడ్చింది. ఇప్పుడు గడియ ఉంది, తలుపు మూసే ఉంది, కోప్పడటానికి ఎదురుగా ఎవరూ లేరు. ఉన్నవి ఆ రెండు చేతులే. ఎంతో మంది బిడ్డలకు బట్టలు తొడిగిన చేతులు. వాటిని ఏమని తిడుతుంది?

ఎడమ చేత్తో గౌను మెడ దగ్గర పట్టుకుని, మోచేత్తో పిడి నొక్కింది. తలుపు తనే కొంచెం తీసింది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వస్తావా?"

హాల్లో ఉన్న కొడుకు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అత్తగారి మొహం చూసింది, గౌను చూసింది, ఏమైందని అడగలేదు. లోపలికి వచ్చి ముందు తలుపు మూసి గడియ వేసింది. ఆ తరువాతే మొదటి గుండీ మీద చెయ్యి వేసింది.