పగులు మీద కాలనీ

స్ట్రాటాస్కోప్ తెర మీద నేల పొరలు ఒక్కొక్కటిగా తేలుతున్నాయి. నల్లరేగడి, దాని కింద గులకరాళ్ళు, ఇంకా కింద పసుపుపచ్చ ఇసుక. చదునుగా సాగుతున్న ఇసుక పొర ఒకచోట పుటుక్కున తెగి, మూరెడు కిందికి దిగి మళ్ళీ మొదలైంది. భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ నీరజాక్షి మిషన్ ఆపించింది.

భూకంపం వచ్చినప్పుడు నేల ఒక గీత వెంట తెగి జారుతుంది. ఆ గీతే ఫాల్ట్, అంటే నేలలోని పగులు. ఒకసారి జారినచోట మళ్ళీ జారే ప్రమాదం ఎక్కువ. ఇదివరకు దాన్ని పట్టుకోవాలంటే లోతుగా కందకం తవ్వి, గోడల్లో పొరలు ఎక్కడ తెగాయో వెతికేవారు. నీరజాక్షి తయారుచేసిన స్ట్రాటాస్కోప్‌కి కందకం అక్కర్లేదు. ధ్వని తరంగాలతో పొరల బొమ్మ గీస్తుంది. సన్నటి సూది దింపి, లోపలి ఇసుక రేణువులు ఎంతకాలంగా ఎండ చూడలేదో కొలుస్తుంది. దాన్నిబట్టి పొరల వయసు తెలిసి, నేల ఎప్పుడెప్పుడు కదిలిందో తేలుతుంది.

కంచరపాడు కొత్త నగరంలో పెద్దాసుపత్రికని ఎంచిన ఆ స్థలం చాలాసార్లు కదిలింది.

"ఇక్కడ కట్టకూడదు," అని ఆమె నగర కమిషనర్ కృపాకర్‌తో చెప్పింది. "పక్కనున్న కొండవాలు గట్టి రాయి. అక్కడ కట్టుకోవచ్చు."

వాదిస్తాడనుకుంది. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. కొండవాలు మీద ఎవరుంటున్నారని ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు.

మరుసటి ఏడు ఆసుపత్రి పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చిన నీరజాక్షి, దారిలోనే కారు ఆపించింది. పగులున్న స్థలం నిండా వరసగా ఇళ్ళు. ఒక ఇంటి ముందు మస్తానమ్మ అనే ఆవిడ దోసెలు పోస్తోంది.

"మేం కొండమీదోళ్ళం మేడమ్," అంది మస్తానమ్మ. "ఆస్పత్రి కట్టాలని మమ్మల్ని లేపి ఇక్కడ ఇళ్ళిచ్చారు. మొదట రామంటే రామన్నాం. పెద్ద మేడమ్ మిషను పెట్టి చూసిన జాగా, భయం లేదని కమిషనర్ చెప్తే వచ్చాం."

నీరజాక్షికి ఒళ్ళు మండిపోయింది. అక్కడినుంచే కృపాకర్‌కి ఫోన్ చేసింది.

"మీరు ఆసుపత్రి కట్టొద్దన్నారు," అన్నాడాయన తాపీగా. "ఇళ్ళ సంగతి అనలేదు కదా."

"ఆ ఇళ్ళలో మనుషులుంటారండీ."

"చిన్న ఇళ్ళు డాక్టర్ గారూ. అంత బరువేం ఉండదు."

ఆమె ఫోన్ పెట్టేసి, కారులోంచి స్ట్రాటాస్కోప్ దింపించి వీధి మధ్యలో పెట్టింది. జనం మూగారు. ఆ మిషను మేడమ్ తనేనని చెప్పి, తెగిన పొర చూపించి, ఆ గీత ఏయే ఇళ్ళ కిందుగా పోతోందో వేలుపెట్టి చెప్పింది. మస్తానమ్మ వంటిల్లు సరిగ్గా దాని మీదే ఉంది.

మస్తానమ్మ తెర మీద ఆ గీతను వేలితో తడిమింది.

"ఇది నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు. కమిషనర్‌కి చెప్పాను."

"ఆయనకి చెప్పావు. మేం ఆ పక్కనే ఉన్నాం గదా, మాకెందుకు చెప్పలా?"

నీరజాక్షికి కమిషనర్ మీద పొంగిన కోపం తన మీదికే తిరిగినట్టయింది.

ఆ సాయంత్రమే కాలనీ మొత్తం మంచాలూ గిన్నెలూ ఎత్తుకుని కొండెక్కింది. సగం కట్టిన ఆసుపత్రిలో వార్డుకు రెండేసి కుటుంబాలు దిగాయి. ఆపరేషన్ థియేటర్‌లో పొయ్యిలు వెలిగాయి. పోలీసులు వస్తే ఆడవాళ్ళు మెట్ల మీద అడ్డంగా కూర్చున్నారు.

కృపాకర్ నీరజాక్షిని అక్కడికి పిలిపించి పక్కకు తీసుకెళ్ళాడు. "ఈ కొండ కింద కూడా పగులుందని ఒక్క మాట అనండి. వాళ్ళే దిగిపోతారు. లేకపోతే రేపు మీ మిషన్ ఈ జిల్లాలో ఎక్కడా తిరగదు."

ఆమె ఆయన్ని దాటుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"మిమ్మల్ని భయపెట్టమంటున్నారు," అంది అందరికీ వినపడేలా. "నేను అబద్ధం చెప్పను. ఈ కొండ కింద ఏ పగులూ లేదు. నిశ్చింతగా ఉండండి."

ఒక్కరి ముఖమూ తేటపడలేదు.

"కింద జాగా కూడా నీ పేరు చెప్పే ఇచ్చారు," అంది మస్తానమ్మ. "నీ మాట మాకొద్దు. ఆ మిషను ఇక్కడ దించి, దాన్నెట్టా చూడాలో మాకు నేర్పి పో."