అయిదో గంట

మీరే చెప్పండి, ఏం చూశారు? గ్వియా కొండకి శనివారం ఆఖరి బండిలో వెళ్లొచ్చామని చెప్పుకునేవాళ్లు మీలోనూ ఉన్నారు. మలుపు దగ్గర బండి నెమ్మదించినప్పుడు వెనక బల్ల మీద ఎవరు కూర్చున్నారు? కళ్లు మూసుకున్నామంటారా... అది అందరూ చెప్పే మాటే.

ఆ మలుపుకి మంచి పేరు లేదు. పద్దెనిమిది వందల ఎనభైలలో, పోర్చుగల్ ఉత్తరాన కొండలకి పట్టాలు వేయడం అప్పుడే మొదలైంది. మా కొండకీ రెండు పెట్టెల బండి వచ్చింది. దానికి దారి తవ్వుతుంటే వానకి గట్టు విరిగి కుస్తోదియు అనే కూలివాడి మీద పడింది. ఆ గట్టు కిందికి అతన్ని పంపింది మేస్త్రీ అనక్లేతు. విచారణలో మాత్రం వాడంతట వాడే వెళ్లాడన్నాడు. కుస్తోదియు మట్టిలోకి పోయాడు, అనక్లేతు సూపర్‌వైజరు అయ్యాడు. లోకం తీరే అంత, దానికి దెయ్యాలు అక్కర్లేదు. దారి తవ్వినవాడు ఆ బండి ఒక్కసారీ ఎక్కకుండానే చచ్చాడు కదా, అందుకే ఇప్పుడు రాత్రిళ్లు ఎక్కుతున్నాడని ఊరంతా గుసగుసలు.

జెఫెరీను ఇలాంటివి నమ్మేవాడు కాదు. ఇరవై ఆరేళ్లు డబ్బున్న అమ్మగార్లని కుర్చీలో కూర్చోబెట్టి, అయిదు వందల మెట్లు మోసి, మరియమాత గుడికి చేర్చిన మనిషి. బండి వచ్చి మోతగాళ్ల నోట్లో మట్టి కొట్టింది. అప్పుడు ఆరుగురు మోతగాళ్లు వెళ్లి మూడు రోజులు పట్టాల మీద కూర్చున్నారు. సిపాయిలు వచ్చి తుపాకులు గురిపెట్టినా లేవలేదు. చివరికి కంపెనీ దిగొచ్చి ఆరుగురికీ పనిచ్చింది. జాలిపడి ఇవ్వలేదు, లేవలేదు కాబట్టి ఇచ్చింది. గుర్తుపెట్టుకోండి.

జెఫెరీనుకి దక్కింది కొండపైన నీళ్ల పని. మోకాళ్లు అరిగిపోయినవాడికి ఇంకో పని ఎవరిస్తారు? అది పోతే గుడి ముందు చెయ్యి చాపడమే.

పని ఇదీ. రెండు పెట్టెలకీ ఒకటే ఇనుప తాడు. పైపెట్టె అడుగున తొట్టి ఉంటుంది. అందులో నీళ్లు నింపితే అది బరువెక్కి దిగుతుంది, కిందిపెట్టెని పైకి లాగుతుంది. ఎన్ని నీళ్లు పోయాలో కిందిపెట్టెలో ఉండి బ్రేకు పట్టే బెల్మీరు చెబుతాడు. తీగ లాగి గంట కొడతాడు, మనిషికొక గంట. గంటకొక కొలత నీళ్లు. తక్కువైతే బండి కదలదు. ఎక్కువైతే దూసుకొస్తుంది, బ్రేకు కీచుమని కొండంతా వినిపిస్తుంది.

ఆగస్టు నుంచి శనివారం ఆఖరి బండికి ఆ లెక్క తప్పడం మొదలైంది. ఏడు గంటలు మోగేవి... ఆరుగురు దిగేవారు. ఆరు మోగేవి... అయిదుగురు. పోనీ బెల్మీరు ఎక్కువ కొట్టాడా అంటే, బండి కీచుమనేది కాదు. నిండుచూలాలు నడిచినట్టు మెల్లగా వచ్చి ఆగేది. అంటే బరువు ఉంది. మనిషే లేడు.

బెల్మీరు జెఫెరీను మరదలి కొడుకు. నిలదీస్తే, లెక్కపెట్టే కొట్టాను పెద్దనాన్నా అని ఒట్టేశాడు, ఒట్టేస్తూ ఎటో చూశాడు. ఇంట్లో పెళ్లాం దియోలిందా అయితే రొట్టె ముక్క సూపులో ముంచుకుంటూ నవ్వింది.

"తుపాకులకి జడవని మొనగాడివి, గంటకి జడుస్తావేమయ్యా?"

జడుపు దెయ్యానికి కాదు, అనక్లేతుకి. ఆ ఏడు ఎండకి కొండమీద ఊట సన్నగిల్లింది. అనక్లేతు గంటలూ లెక్కపెడుతున్నాడు, దిగే తలలూ లెక్కపెడుతున్నాడు. ఇంకొక్క కొలత వృథా అయిందంటే మెట్లదారి నీకు తెలిసిందేగా, దిగిపో అన్నాడు.

మళ్లీ శనివారం వచ్చింది. పొగమంచు దట్టంగా పట్టింది. ఆఖరి బండి...

గంట మోగింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

జెఫెరీను కుళాయి మీద చెయ్యి వేశాడు.

అయిదు.

పళ్లు కొరుక్కుని నాలుగు కొలతలే పోశాడు. కుళాయి కట్టేశాడు. తాడు ఒకసారి మూలిగింది... ఆగిపోయింది. బండి కదల్లేదు. తొట్టి అంచునుంచి చుక్క రాలిన చప్పుడు కూడా వినబడుతోంది.

అప్పుడు కింది నుంచి ఇంకో గంట. ఒక్కటే. మెల్లగా... బతిమాలినట్టు.

పోస్తే పని పోతుంది. పోయకపోతే బండి రాదు, అప్పుడూ పోతుంది. అయిదోది పోశాడు. తాడు కదిలింది.

రోజూ కుళాయి దగ్గరే నిలబడేవాడు ఆ రాత్రి లాంతరు పట్టుకుని బండి ఆగే చోటికే నడిచాడు. మంచులోంచి పెట్టె వచ్చింది. మలుపు దగ్గర నెమ్మదించింది. బ్రేకు చప్పుడే లేదు. మెత్తగా వచ్చి ఆగింది.

రొట్టెలమ్మే మొగుడూ పెళ్లాం దిగారు. ఒక ముసలి యాత్రికురాలు దిగింది. నాలుగోది... దియోలిందా. చెల్లెలింటికి వెళ్తున్నానని సాయంత్రం చెప్పి బయల్దేరిన దియోలిందా.

జెఫెరీను లాంతరు పైకెత్తాడు. వెనక బల్ల మీద తల నుంచి కాళ్లదాకా తెల్లటి శవగుడ్డ చుట్టుకుని ఎవరో ఒరిగి కూర్చున్నారు.

"కుస్తోదియూ..." అన్నాడు.

దియోలిందా అతని చెయ్యి పట్టుకుని చెవిలో అంది, "కుస్తోదియు కాదు. నువ్వే."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నువ్వేనయ్యా. నీ ఎత్తు మొక్కజొన్న. మూట."

గుసగుసగా చెప్పేసింది. సిపాయిలు తుపాకులెత్తిన రోజున మోతగాళ్ల పెళ్లాలు ఆరుగురూ మొక్కుకున్నారట. మొగుడు ప్రాణాలతో ఇంటికొస్తే అతని బరువుకి సరితూగే మొక్కజొన్న మరియమాతకి ఇస్తామని. చావు అంచుదాకా వెళ్లొచ్చినవాడి పేరున మొక్కు తీరిస్తే శవగుడ్డ చుట్టే తీర్చడం మా వైపు ఆచారం. వారానికొకరి వంతు. రాత్రి బండిలో సరుకు ఎక్కించకూడదు కాబట్టి బెల్మీరు మూటకీ ఒక గంట కొట్టేవాడు. జెఫెరీను ఇంటికి పోయాక దించేవాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"మా మొండితనమే గెలిచిందని మీరు ఆరుగురూ మీసాలు దువ్వుతున్నారు. ఎలా చెప్పమంటావు?"

జెఫెరీనుకి ఒళ్లు మండిపోయింది. ఎండలో కూర్చున్నది తాము, పేరు మరియమాతకా? గట్టిగా నాలుగు దులుపుదామనుకునేలోగా అడుగుల చప్పుడు వినిపించింది. అనక్లేతు లాంతరు.

మూట కంటబడితే బెల్మీరు పనీ పోతుంది, తన పనీ పోతుంది.

"అయిదు గంటలు విన్నాను," అన్నాడు అనక్లేతు. "నలుగురే దిగారు. అయిదోవాడేడీ?"

జెఫెరీను పెట్టె గుమ్మానికి అడ్డంగా నిలబడి టోపీ తీశాడు.

"లోపలే ఉన్నాడండీ. తమరు పంపితే వెళ్లినవాడు. మా మాట వినడు, దిగమని తమరే చెప్పండి."

అనక్లేతు మెడ సాచి చూశాడు. తెల్లగా... ఒరిగి... కదలకుండా. గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"అయిదే. లెక్క... లెక్క సరిపోయింది," అని వెనక్కి వెనక్కి నడిచి మంచులో కలిసిపోయాడు. ఆ తర్వాత ఏ శనివారమూ లెక్క అడగలేదు. జెఫెరీను పని జెఫెరీనుకే మిగిలింది.

బెల్మీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. దియోలిందా మోకాళ్లు జాగ్రత్త అంటున్నా వినకుండా జెఫెరీను వంగి, కాళ్లు ఊనుకుని, బలమంతా పెట్టి మూట ఎత్తాడు.

వెనక్కి పడబోయాడు. అంత తేలిగ్గా లేచింది మూట.

ఇరవై ఆరేళ్లు మనుషులని మోసిన భుజానికి త్రాసు అక్కర్లేదు.

"ఇందులో ఎంత పోశావే?"

దియోలిందా తల దించుకుంది. వడగళ్లకి పంట పోయింది. సగమే పోశాను. మిగతా ఆడవాళ్లు నవ్వుతారని పైన పొట్టు కూరాను, మూట నేనే ఎక్కించాను, బెల్మీరుకి కూడా చెప్పలేదు. ఇప్పటికి సగం మొగుడివే, తక్కినది వచ్చే ఏడు ఇస్తానని మరియమాతకి చెప్పుకున్నాను అంది.

బెల్మీరు నవ్వు ఆగిపోయింది. తన చేతిలోని బ్రేకు పిడి వైపు చూశాడు. అయిదు నిండు కొలతల నీళ్లకి నాలుగున్నర మనుషుల బండి కొండంతా అరుస్తూ రావాలి. దారి పొడుగునా అతను ఆ పిడిని ముట్టుకోనే లేదు...

ముగ్గురూ ఖాళీ బల్ల వైపు చూశారు.

ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి జెఫెరీను అనక్లేతుతో అబద్ధమే ఆడాడంటారా?