అడుగుపెంకు

ఉడుములన్నీ పైకప్పు దిగి వచ్చేసరికి కాత్యాయని రెండో కాఫీ కూడా అయిపోయింది. ఏటా రంగుదిద్దుడు రోజున అవి ఇలాగే ఆలస్యం చేస్తాయి. సముద్రం మీద తేలే తెప్పలపాడు ఊరంతటికీ కప్పు ఒక్కటే. దాని మీదున్న వేలాది పెంకుల్ని ఒక్కొక్కటిగా తడిమి, ఎత్తు కొలిచి, పనిలో పనిగా కాకిరెట్టలు కూడా తుడిచి రావాలంటే యంత్రానికైనా పొద్దెక్కక తప్పదు. ఆఖరి ఉడుము బల్ల పక్కన పొట్ట ఆనించి, పంజాలు ముడుచుకుంది.

"కొలతలు సమర్పించితిని" అంది.

వాటికి మాటలు నేర్పిన పెద్దమనిషి ఎవరో భాషాభిమాని. ఆయన ఎప్పుడో ఒడ్డుకు వెళ్ళిపోయాడు గానీ ఆయన గ్రాంథికం మాత్రం ఇంకా గోడలెక్కుతూనే ఉంది.

కాత్యాయని అల్లికబల్ల మీదికి వంగింది. ఎత్తుల పెట్టె నుంచి ఒక దారం లాగి హద్దుల పెట్టెకు ముడివేసింది. అక్కణ్ణుంచి రంగువాలుకు ఇంకో దారం, రంగువాలు నుంచి పెంకులకు మరొకటి. చూడ్డానికి పని ఇంతే. పెళ్ళైన కొత్తలో భర్త ఒకసారి ఆఫీసుకొచ్చి చూసి, "ఇది మా అమ్మ మల్లెపూలు కట్టినట్టే ఉందే" అన్నాడు. "మీ అమ్మగారు ముడి తప్పితే పువ్వు రాలుతుంది, నేను ముడి తప్పితే వీధి చీకటైపోతుంది" అని చెప్పింది కాత్యాయని. ఆయన మళ్ళీ ఆఫీసుకు రాలేదు.

హద్దుల పెట్టె పెద్దగా ఆలోచించదు. వచ్చిన ఎత్తుల్లో అన్నిటికంటే తక్కువదాన్నీ, అన్నిటికంటే ఎక్కువదాన్నీ ఏరి ఇస్తుంది. ఎక్కువదానికి రంగువాలు కుంకుమ పూస్తుంది, తక్కువదానికి బూడిద. మధ్యలోవి ఎక్కడ పడితే అక్కడి రంగు, పైనుంచి కిందికి పసుపు, కరివేప, నీలిమందు. అసలు ఈ రంగులు ఉడుముల కోసం పెట్టినవి. కిందున్న పెంకు మీద ఉప్పు తుంపర ఎక్కువ పడుతుంది, ఎక్కువసార్లు కడగాలి, అందుకని. ఆ సంగతి ఇప్పుడు ఉడుములకు మాత్రమే గుర్తుంది. మనుషులు రెండేళ్ళు తిరక్కుండానే రంగుల్ని పెళ్ళిసంబంధాల్లోకి తెచ్చుకున్నారు. "అబ్బాయిది పసుపండి, మీరేమో కరివేప... చూద్దాం లెండి."

ఎండ పంపకం కూడా రంగును బట్టే. కుంకుమ పెంకులు పొద్దుగూకేదాకా రెక్కలు తెరిచి ఎండను కిందికి వదులుతాయి. పసుపు, కరివేపలకు అంతకంతకూ తక్కువ. నీలిమందు పెంకులు పొద్దున కాసేపు తెరుచుకుంటాయి. బూడిద పెంకు ఏడాదంతా మూసే ఉంటుంది. మూసి ఉన్న పెంకు కరెంటు పండిస్తుంది. ఆ కరెంటుతో ఊరి నడుమ మూపురం మీదున్న మేడలకు లిఫ్టులు నడుస్తాయి. మేడల్లో ఉండేది కుంకుమవాళ్ళు. ఇది ఎవరూ కూర్చుని చేసిన కుట్ర కాదు. దారాలు అలా ముడిపడ్డాయి.

బల్ల మీద ఒక మూల చిన్న దీపం మినుకుమంది. ఏటా మినుకుమనేదే.

*అడుగుపెంకు. ఎత్తు సముద్రమట్టమునకు మిక్కిలి దిగువ. వదలివేయవలెనా? కలుపుకొనవలెనా?*

కాత్యాయని ఉద్యోగంలో చేరకముందు వచ్చిన తుపానులో ఊడి సముద్రంలో పడిన పెంకు అది. అడుగున పడి ఉన్నా దాని విద్యుత్ఘటం ఉప్పునీటితోనే బతుకుతోంది. అడిగినప్పుడల్లా తన ఎత్తు తాను నిజాయితీగా చెబుతుంది. ఏటా "వదిలెయ్" అంటారు, పని ముందుకు సాగుతుంది. ఆఫీసులో దాన్ని అత్తగారు అంటారు. ఎవరూ పలకరించకపోయినా జవాబిస్తుందని.

దీపాన్ని అలాగే ఉంచి, ముందు నమూనా ఎలా వచ్చిందో చూద్దామని ఊరి చిత్రం తెరిచింది. మూపురం కుంకుమ, భుజాలు పసుపు, తనుండే వాడ కరివేప. అంచున నీలాల వీధి మీద చూపు ఆగిపోయింది.

వీధి మొత్తం బూడిద రంగులో ఉంది.

నిరుటి కొలతలు పక్కన పెట్టి చూసింది. వీధి వేలెడు కూడా దిగలేదు. దిగువనున్న చేపల గోదాము లేదంతే. వేసవిలో దాన్ని విప్పి తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళూ ఊళ్ళో బూడిద పెంకంటే గోదాము పెంకే. అది పోయేసరికి దాని పై మెట్టు మీదున్నవాళ్ళు ఉన్నచోటే ఉండి అట్టడుగువాళ్ళయిపోయారు.

"కాత్యాయనమ్మా, ఉన్నావా?"

గుమ్మంలో నూకరత్నం. నీలాల వీధి వంటశాల ఆవిడదే. ఆ వీధి ఆడవాళ్ళంతా కలిసి అక్కడ వడియాలూ అప్పడాలూ పెట్టి ఊరంతటికీ, ఒడ్డుకీ అమ్ముతారు. చంకలో పళ్ళెం, దాని మీద తడిగుడ్డ.

"రంగుదిద్దుడు రోజున బయటివాళ్ళు లోపలికి రాకూడదు రత్నమక్కా."

"నేను రాలేదు, గుమ్మంలో నిలబడ్డాను. ఇదిగో, గుమ్మడి వడియాలు, మొన్న పెట్టినవి. ఇంకా పచ్చిగా ఉన్నాయని చూపిద్దామని తెచ్చాను. నాలుగు రోజుల నుంచీ మబ్బు. మా ఎండ వచ్చేదే పొద్దున కాసింత, అదీ నేల మీద పాకుతుంటే దాని వెనకాల పళ్ళేలు పట్టుకుని మేవూ పాకుతున్నాం. ఈసారైనా ఓ మెట్టు పైకేత్తావేమోనని అడగొచ్చాను."

నూకరత్నం బల్ల మీది చిత్రం వైపు చూసింది. తన వీధి ఎక్కడుందో ఆవిడకు వెతుక్కోనక్కర్లేదు.

"ఈ మసేటి?"

"బూడిద."

"మేం దిగిపోయామా?"

"లేదు. గోదాము తీసేశారుగా. ఇప్పుడు అందరికంటే కింద మీరే."

నూకరత్నం పళ్ళెం గుమ్మం మీద పెట్టి తనూ కూర్చుంది. "గోదాము తీసెయ్యమని అర్జీ పెట్టింది మేవే. కంపు కొడతందని. నాలుగు వానాకాలాలు తిరిగాం దాని కోసం." గుడ్డ సర్దుతూ, "కంపుతో పాటు ఎండా పోయిందన్నమాట" అంది.

"బూడిదవాళ్ళు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. అసలు ఏడాది నడిమధ్యలో వాలు మార్చమని అడిగే హక్కు వాళ్ళకే ఉంది."

"మళ్ళీ నాలుగు వానాకాలాలు. అప్పటిదాకా వడియాలు ఏ దీపం కింద ఎండబెట్టను? బూజు పట్టిన సరుకు ఒక్కసారి పంపిస్తే ఒడ్డువాళ్ళు మళ్ళీ మొహం చూడరు. వంటశాల మూతపడితే వీధిలో ఎవరుంటారు? తలో గూడూ వెతుక్కుంటారు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు. సరుకు లెక్క చెప్పినట్టు చెప్పింది. "పోనీ ఆ గోదామే మళ్ళీ తెచ్చి కట్టేత్తే?"

"గోదామే కానక్కర్లేదు అక్కా. మీకంటే కింద ఇంకోటేదైనా ఉంటే చాలు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చి తనకే వినబడింది కాత్యాయనికి.

నూకరత్నం బల్ల మూలకు చెయ్యి చూపించింది. "ఆ మినుకుమినుకేటి, ఇందాకట్నుంచి?"

"సముద్రంలో పడిపోయిన పెంకు. లెక్కలో కలపాలా అని అడుగుతుంది. ఏటా వదిలేస్తాం."

"మనదేనా అది?"

"మనదే."

"మనదైతే వదిలెయ్యడవేటి, విడ్డూరం" అని లేచి, పళ్ళెం మళ్ళీ చంకనెత్తుకుంది. "పోతన్నాను. ఉన్న ఎండ కూడా పోద్ది. వడియాలు ఎండితే నీ వాటా నీకు ఎప్పట్లాగే. ఎండకపోతే పచ్చి పిండే పంపుతాను, అట్లు పోసుకో."

ఆవిడ వెళ్ళాక కాత్యాయని దీపం వైపు తిరిగింది. పెంకు ఊరిదే. బతికే ఉంది. చెప్పిన ఎత్తు నిజం. వదిలెయ్యమని ఎక్కడా నియమం లేదు. మొదటి ఏడాది ఎవరో తొందరలో వదిలేశారు, తరవాతివాళ్ళు అది చూసి వదిలేశారు. తనూ అంతే. ఇంట్లో పోపులో మెంతులు ఎందుకు వెయ్యరని అడిగితే అత్తగారు వెయ్యరు కనక అని చెప్పినట్టు.

నమూనాలో మాత్రమే కదా అనుకుని "కలుపుకో" నొక్కింది.

హద్దుల పెట్టె కొత్త అడుగును పట్టుకుంది. అది ఎక్కడో సముద్రగర్భంలో ఉంది. అక్కణ్ణుంచి చూస్తే మూపురానికీ అంచుకూ తేడా ఏముంది, కొండ మీద రెండు గడ్డిపరకలకున్నంత. రంగువాలు ఒక్కసారి వణికి, ఊరి మీద కుంకుమ భరిణె బోర్లించింది. మూపురం కుంకుమ. కరివేప వాడ కుంకుమ. నీలాల వీధి కూడా, ఆఖరి పెంకుతో సహా, కుంకుమే. చిత్రానికి బాగా దిగువన ఒక్క బూడిద చుక్క.

ఆమెకు కావలసింది వీధికి ఒక్క మెట్టు. ఇది మరీ ఎక్కువైంది. కాస్త తగ్గించే దారేమైనా ఉందా అని చూసింది. లేదు. కలుపుకోవడమో వదిలెయ్యడమో, అంతే. కలుపుకుంటే తన కుర్చీ పోవచ్చు. ఒడ్డున కరెంటు బిల్లులు పంచే ఉద్యోగాలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయని భర్త అంటుంటాడు. ఆయన దాన్ని ఓదార్పుగానే అంటాడు.

"ఏమ్మా, అయిందా?"

ముఖ్యకొలతరి రాజబాబు గారు. మూపురం మీద పదకొండో అంతస్తులో ఉంటారు. మంచిమనిషి, ఎవరినీ కసురుకోరు, ఏదీ రెండోసారి చదవరు.

"అయిందండి. ఒకసారి చూసి వేలిముద్ర వెయ్యండి. పడితే ఇక ఏడాదిదాకా మనం మార్చడానికి లేదు."

రాజబాబు గారు కళ్ళజోడు నుదుటి మీంచి దింపుకుని, ఊరి చిత్రంలో తన మేడ వెతుక్కున్నారు. "మాది కుంకుమేగా?"

"కుంకుమేనండి."

"మా వియ్యంకుడి గారిది?"

"అదీ కుంకుమే. ఈసారి కొంచెం ఎక్కువమందికి వచ్చిందండి. మొత్తం చూస్తే బావుంటుందేమో."

"పోనీలేమ్మా, నలుగురికీ వస్తే మంచిదే" అన్నారు ఆయన, వేలు నొక్కేశారు.

కాత్యాయని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత ఊరి కప్పంతా ఒకేసారి గలగలమంది.

అంతటి చప్పుడు తెప్పలపాడులో అంతకుముందు ఎవరూ వినలేదు. వేల రెక్కలు ఒక్కసారి విచ్చుకున్నాయి. దానికి తోడు నాలుగు రోజుల మబ్బు కూడా ఆ పూటే విడిపోయింది. దాన్ని మాత్రం ఎవరూ కాత్యాయని ఖాతాలో వెయ్యలేదు. ఎండ తిన్నగా నీలాల వీధిలోకి దిగి, గోడల మీద ఎప్పట్నుంచో ఉన్న మరకలన్నీ బయటపెట్టింది. పిల్లలు ముందు కళ్ళు చిట్లించారు, తరవాత తమ నీడల్ని తొక్కుకుంటూ పరుగెత్తారు. నూకరత్నం నడిరోడ్డు మీద పళ్ళేలు పరిపించి, వాటి వెనకాల పాకే అవసరం లేక, ఏం చెయ్యాలో తోచక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

మూసిన పెంకులే లేకపోవడంతో, కింద అలలతో తిరిగే మరల కరెంటు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రికీ నీళ్ళకీ సరిపోయింది. మిగిలిన కొద్దిపాటి కరెంటుతో లిఫ్టులు ముసలివాళ్ళనీ, రోగుల్నీ, బాలింతల్నీ మాత్రమే ఎక్కించుకున్నాయి. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన రాజబాబు గారిని లిఫ్టు వయసు అడిగింది. ఆయన చెప్పారు.

"మెట్లు ఎడమవైపున కలవు" అంది లిఫ్టు.

ఆయన పదకొండంతస్తులూ ఎక్కి, అన్నం తిని, దిగి, సాయంత్రానికి ఆఫీసుకొచ్చి కుర్చీలో కూలబడ్డారు. అప్పటికి మూపురం మీంచి ఫిర్యాదులు బల్ల నిండా ఉన్నాయి. లిఫ్టు గురించి కొన్నే. ఎక్కువ భాగం, అందరిదీ కుంకుమైతే మాది కుంకుమని ఎలా తెలుస్తుందని.

"కాత్యాయనీ, నాతో ఒక్కమాట చెప్పి చెయ్యొచ్చు కదమ్మా."

"మొత్తం చూడమని చెప్పానండి. కానీ మీరు చూడరని కూడా తెలుసు. తప్పు లేదని అనను."

రాజబాబు గారు పిక్కలు నొక్కుకుంటూ ఆలోచించారు. "సరే, దిద్దే దారేదైనా ఉందా?"

"ఉందండి. బూడిద పెంకు కింద ఉండేవాళ్ళు అర్జీ పెట్టుకోవాలి."

"మరి పెట్టించు. ఎవరున్నారు అక్కడ?"

"పీతలండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. "నువ్వు ఇంటికెళ్ళేది ఏ దారిన?"

"నీలాల వీధి మీంచి."

"పద. నాకు ఎలాగూ అంత తొందరగా మెట్లెక్కే ఓపిక లేదు."

వీధిలో ఇంకా ఎండ ఉంది. సాయంత్రపు ఎండ ఎలా ఉంటుందో చూద్దామని అందరూ అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు, సినిమాకొచ్చినట్టు. నూకరత్నం సగం ఎండిన వడియాల్ని గుడ్డ మీంచి ఒలిచి తిరగేస్తోంది. రాజబాబు గారిని చూసి ముక్కాలిపీట వేసింది.

"కూకోండి బాబూ. ఇయ్యి రెండ్రోజులు ఆగాలి. నిరుడువి వేయిత్తాను." వేయించి తెచ్చి, కాత్యాయని చేతిలో కూడా రెండు పెడుతూ చెవిలో అడిగింది. "ఏటి చేశావే?"

"ఏం చెయ్యలేదక్కా. వదిలెయ్యలేదు, అంతే."

అంతలో వీధి మధ్యలోంచి ఒక ఉడుము వచ్చింది. పిల్లలు దారిచ్చారు. దాని వీపు మీద కుంచె ఉంది. బూడిద పెంకును రోజూ కడగాలన్నది దానికి తెలిసిన నియమం. ఊరి అంచు దాకా వెళ్ళి, కిందికి చూసి, ఆగింది. పుట్టి బుద్ధెరిగాక అది నీళ్ళలో దిగలేదు. ఒక పంజా ముంచి తీసింది. మళ్ళీ ముంచింది. తరవాత బుడుంగున మునిగిపోయింది.

"దానికేవైనా అవుద్దేటి?" అన్నారు రాజబాబు గారు, వడియం నములుతూ. మూపురం భాష ఆయన నోట్లోంచి అప్పటికే జారిపోయింది.

ఎండ గోడల మీదికి పాకేవేళకు ఉడుము పైకి వచ్చింది. మెడలో సముద్రపు నాచు, కుంచెకు వేలాడుతూ ఒక పీత. వీధి మధ్యలో నిలబడి ఒళ్ళు దులుపుకుంది.

"అడుగుపెంకు కడిగితిని" అంది. "ఉప్పు తగ్గలేదు. రేపు మరల వెళ్ళెదను."