పంట పండుగలో మూడో గొట్టం

ఉదయగిరి కొండ నుంచి ఆత్మకూరు బస్టాండు దాకా గాలించినా, నాలా ఉన్నదున్నట్టు చెప్పేవాడు మీకు దొరకడు. ఈ కథలో కోడి ఈకంత అబద్ధం లేదు. ఏజెంట్ దయాసాగర్‌ను మోసం చేయగల మనిషి భూమ్మీద పుట్టలేదన్నది కూడా అంతే నిజం.

1995 జనవరి. ఉదయగిరి కొండ కింద కామయ్య మందలో ఒకే పూట పదకొండు గొర్రెలు చచ్చాయి. పళ్లు టకటకలాడే చలిలో, రోహిణి కార్తె ఎండకు రొప్పినట్టు రొప్పి రొప్పి చచ్చాయి. ఒంటి మీద గాయం లేదు. వెంట్రుక కూడా కమలలేదు.

మూడో రోజు ఆత్మకూరు ట్రావెలర్స్ బంగళాలో మద్రాసు నుంచి వచ్చిన చీఫ్ తలుపు గడియపెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ఆపరేషన్ కుంపటి. విదేశీ ముఠా. ఆయుధం మైక్రోవేవ్. గొర్రెల మీద ట్రయల్ అయిపోయింది. ఇక మనిషి."

"ఎవరు సార్?" అన్నాడు దయాసాగర్.

"రాకెట్ ఇంధనం సైంటిస్ట్ సురేంద్రబాబు. ఆదివారం ఇక్కడి చర్చి పంట పండుగకు ముఖ్య అతిథి. ఆయన ప్రాణం నీ చేతిలో ఉంది."

మిగతాది ఏజెంట్ సుకుమారి చెప్పింది. ఊరి దృష్టిలో ఆమె పశువుల డాక్టరమ్మ. కనకాంబరం రంగు సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు. ఉదయగిరి మిషన్ బోర్డింగులో ఆమె, దయాసాగర్ ఒకే తరగతి. ఈస్టర్ తర్వాత పెళ్లని దయాసాగర్ తేదీ కూడా అనుకున్నాడు, ఆమెను అడగడమొక్కటే మిగిలింది.

"ఎండ తగిలితే ముందు చర్మానికి తెలస్తాది సాగర్. అది మెదడుకు కబురు పెడతాది. చెమట పడతాది, ఒళ్లు చల్లబడతాది. ఈ తరంగాలు అట్ట కాదు. చర్మం దాటిపోయి లోపల కండనే ఉడకబెడతాయి. కబురు ఆలీసంగా అందుతాది. అప్పుడు చెమట పట్టినా లోపల వేడి దానికంటే జోరుగా ఉంటాది. నలభై రెండు డిగ్రీలు దాటితే మనిషి పడిపోతాడు. చూసినోళ్లు జ్వరమనుకుంటారు, అంతే."

చీఫ్ ఒక చేతిగడియారం బల్ల మీద పెట్టాడు. "తరంగం సోకితే ఇది కుయ్యిమంటుంది."

"ఇటియ్యి, బ్యాటరీ నేను చూసి ఇస్తాలే," అని సుకుమారి దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మెట్లు దిగుతూ గడియారం తీసి అతని చేతికి కట్టి, ఇంకో మాట అంది. "అతిథికి కప్పే శాలువా నువ్వే కొను. మందంగా ఉండేది తీసుకో, చలి ఎక్కువుండాది."

"కోడ్ వర్డ్?"

"'పాలు పొంగినాయా?' అని అడిగితే, 'మూత తియ్యలేదు' అనాల. నీకూ నాకూ మాత్రమే తెలియాల." ఆమె నవ్వింది. దయాసాగర్ శాలువా కొన్నాడు. అంగడిలో అన్నిటికంటే మందమైంది.

ఆదివారం దయాసాగర్ కోళ్ల వ్యాపారి వేషంలో, పెట్టుడు మీసంతో చర్చిలోకి నడిచాడు. గుమ్మంలోనే లిదియమ్మ అవ్వ తగులుకుంది.

"ఏంరా దయాసాగరూ, మీసం జారతా ఉండాది, ఎత్తుకో."

పంట పండుగంటే ఆ ఏడు చేతికొచ్చిన వాటిలో మొదటిది దేవుడికివ్వడం. వడ్ల కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు. తర్వాత వాటిని వేలం వేస్తారు. కోళ్లన్నీ వాకిట్లో కట్టేసి ఉన్నాయి, చలికి ఉబ్బిపోయి దూది ఉండల్లా. లిదియమ్మ మాత్రం తన నల్ల పెట్టను తీసుకెళ్లి ఏకంగా అతిథి కుర్చీ కాలికే కట్టింది. "నా కోడి వాకిట్లో ఉండే రకం కాదు," అని పాస్టరుగారితోనే అనేసింది.

సురేంద్రబాబు వచ్చాడు. సుకుమారే శాలువా కప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆమె కనిపించలేదు.

పాటలయ్యాయి, ప్రసంగం మొదలైంది. సైంటిస్టు రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. దయాసాగర్ గడియారం వంక చూశాడు. చడీ చప్పుడు లేదు.

"ఒంట్లో బాగుందా సార్?"

"శాలువా మందం లెండి," అని సురేంద్రబాబు నవ్వాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

దయాసాగర్ కూడా శాలువాదే తప్పనుకున్నాడు. గడియారం కుయ్యిమనలేదు కదా!

వెనక నుంచి లిదియమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "నా పెట్టకు దిష్టి తగిలిందిరా. ఈ చలిలో కోడెక్కడన్నా రొప్పుద్దా?"

నల్ల పెట్ట రెక్కలు ఒంటికి దూరంగా జార్చి, నోరు తెరుచుకుని ఎగరొప్పుతోంది. వాకిట్లో కోళ్లు దూది ఉండల్లాగే ఉన్నాయి. దయాసాగర్‌కు కామయ్య గొర్రెలు గుర్తొచ్చాయి. కోడికి చెమట పట్టదు, రొప్పడమొక్కటే దారి. పైగా అది శాలువా కప్పుకోలేదు.

గోటితో గడియారం వెనక మూత ఊడదీశాడు. లోపల బ్యాటరీ లేదు.

తలెత్తి చూస్తే గోడకు మూడు మైకు గొట్టాలున్నాయి. మైకుసెట్టు ఓబులయ్య దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాడు.

"గొట్టాలు ఎన్ని కట్టినావు?"

"రెండేన్నా. మూడోది డాక్టరమ్మ కట్టించింది. ఏందో మరి, దాంట్లో సౌండే రాదు."

సురేంద్రబాబు తల వాలిపోతోంది. దయాసాగర్ పెరట్లోకి దూకాడు. ప్రేమవిందుకు అన్నం వార్చిన డబరా మీది అల్యూమినియం మూత, బండి చక్రమంత ఉంది. దాన్ని లాక్కొని పరిగెత్తి, కుర్చీకీ మూడో గొట్టానికీ మధ్య డాలులా నిలబెట్టాడు. లోహం ముందు ఆ తరంగాలు సాగవు. వచ్చిన దారినే వెనక్కి తిరిగాయి. గొట్టం చిటపటలాడింది. చర్చి వెనక ఎక్కడో ఢామ్మంది.

నల్ల పెట్ట నోరు మూసింది.

"శాలువా తియ్యండి! నీళ్లు పొయ్యండి!" అని అరిచి, మూత చేత్తో పట్టుకునే దయాసాగర్ మూడో గొట్టం వైరు వెంబడి పరిగెత్తాడు. చింతచెట్ల కింద జీపు. లోపల పొగ. స్టీరింగు ముందు ఒక తెల్లదొర దగ్గుతున్నాడు. పక్క సీట్లో, చెవులకు హెడ్‌ఫోన్‌తో, కనకాంబరం రంగు చీర.

"పాలు పొంగినాయా?" అన్నాడు దయాసాగర్.

"మూత..." అంటూ ఆమె తిరిగి, అతని చేతిలోది చూసి ఆగిపోయింది.

"శాలువా నాతోనే ఎందుకు కొనిపించినావు సుకుమారీ?"

"పట్టుబడితే నీ పేరు రావాలని."

"బోర్డింగులో నా సంగటి ముద్దలో సగం నీకే పెట్టినాను గదా!"

"పెట్టినావు. అందుకే నన్ను నమ్మినావు. నేనిచ్చిన గడియారాన్ని నమ్మినావు." ఆమె నల్ల కళ్లద్దాలు పెట్టుకుంది. "కోడిని నమ్ముతావని అనుకోలా."

పోలీసులు ఇద్దర్నీ తీసుకుపోయారు. వ్యాను ఎక్కబోతూ సుకుమారి ఒక్కసారి వెనక్కి తిరిగి దయాసాగర్ వంక చూసింది. కళ్లలో నీళ్లున్నాయి. బెజవాడ రోడ్డు మలుపు దాకా... కాదులెండి, నెల్లూరు రోడ్డు మలుపు దాకా అతను ఆ వ్యానునే చూస్తూ నిలబడ్డాడు, సగం ఊడిన మీసంతో.

సాయంత్రానికి సురేంద్రబాబు లేచి కూర్చుని కాఫీ అడిగాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"మనమిచ్చిన గాడ్జెట్ ఎలా పనిచేసింది?"

"బాగా పనిచేసింది సార్. కాకపోతే దానికి పొద్దున్నే నూకలు వెయ్యాలి."

దయాసాగర్‌ను మోసం చేయగల మనిషి పుట్టలేదన్నాను కదా. పుట్టింది. అతని పక్కనే కూర్చుని అన్నం తింది. ఆ గొప్ప అక్కడితో పోయింది. కోడి ఈకంత అబద్ధం లేదన్న మాటా... సరే, ఒకటుంది. కోడి నిజం. మూత నిజం. మీసం జారడం మరీ నిజం. సుకుమారి వెనక్కి తిరిగి చూసిందన్నదొక్కటే నేను కల్పించాను. ఆమె చూడలేదు. కానీ ఈ కథ చెప్పినప్పుడల్లా దయాసాగర్ వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ఆ ముక్క తీసేయడానికి నాకు నోరు రాదు.