మూడో ట్యాంకు దగ్గర నిశ్శబ్దం

ప్లాస్టిక్‌కి ముడిసరుకు తయారుచెయ్యాల్సిన ఈస్టు, మూడో ట్యాంకులో తీరిగ్గా సారా కాస్తోంది!

రిపోర్టు రాగానే కంపెనీ ల్యాబులోని యువ శాస్త్రవేత్త దాన్ని రెండుసార్లు చదివింది. జన్యువులు మార్చి, మూడేళ్లు ఆమె కంటికి రెప్పలా పెంచిన ఈస్టు అది. సాయంత్రంలోగా కారణం తేలకపోతే దాన్ని పారబోసి, ఆమెను సీసాలకు చీటీలు అంటించే విభాగానికి పంపుతారు.

డైరెక్టర్ గారు కమిటీ వేశారు. కమిటీ రెండు సబ్‌కమిటీలు వేసింది. మొదటిది వాతావరణాన్ని అనుమానించింది. రెండోది, ఈస్టుకి కంపెనీ మీద అభిమానం లేదని తేల్చింది.

"గ్రాఫ్ చూడమ్మా," అన్నారు డైరెక్టర్ గారు. "రోజూ పదకొండింటికి ట్యాంకులో ఆక్సిజన్ పడిపోతోంది. ఊపిరాడకపోతే ఈస్టు సారా చెయ్యక ఏం చేస్తుంది? ఆ టైముకి శాంపిల్‌కి వెళ్ళేదెవరు?"

"నేనే సార్. కానీ మీటల జోలికే పోను!"

"మరి నీ మొహం చూసి ఊపిరి బిగబట్టిందా?"

కమిటీ నవ్వింది. అది కూడా దాని విధుల్లో ఒకటి.

అందరూ ట్యాంకు హాలుకి దిగారు. తలుపు తియ్యగానే, ట్యాంకులోకి గాలి కొట్టే పంపుది చెవులు చిల్లులు పడే హోరు. డైరెక్టర్ గారు నోరంతా తెరిచి అరుస్తున్నారు. ఒక్క ముక్క వినబడలేదు.

ఆమె ఠక్కున ఆగింది. ఆరువారాలుగా రోజూ వస్తోంది. ఈ హోరు ఒక్కనాడూ వినలేదేం?

గ్రాఫ్ మళ్ళీ చూసింది. మొదటివారం ఆక్సిజన్ పడిపోయింది ఐదేసి నిమిషాలు. తర్వాత పదిహేను. నిన్న నలభై! నిన్నే కదా, తన అక్క స్కూటర్ నేర్చుకున్న కథ ట్యాంకు ఇంజినీరుకి సగం చెప్పింది?

ఆ మహానుభావుడు ప్యానెల్ వెనక నక్కి ఉన్నాడు. ఆమెను చూడగానే అలవాటుగా అతని చెయ్యి గాలి మీట మీదికి వెళ్ళింది.

ఆమె ఆ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది. వెనకే కమిటీ. కోపంగా చూద్దామనుకుంది గానీ పెదవులు మాట వినడం లేదు.

"ఎందుకు చేశారు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీ మాట వినబడాలని గాలి తగ్గించానండి. ఐదు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకున్నాను. మీరేమో కథలు మొదలుపెట్టారు. మధ్యలో ఎలా ఆపమంటారు? సార్, రాసుకోండి. ఈస్టు బంగారం, మేడం తప్పేం లేదు, దొంగని నేనే. ఉద్యోగం పీకేస్తే పీకెయ్యండి. కానీ మేడం, మీ అక్క గోడెక్కించిన ఆ స్కూటరు కిందికి దిగిందా లేదా? రాత్రంతా నిద్రలేదండి. అదొక్కటి చెప్పి పంపించండి."