పీలికల గది తలుపు

ఆ కుట్టు ఫ్యాక్టరీలో మెట్ల కింద ఓ పీలికల గది ఉండేది. పొద్దుపోయాక అటు తొంగిచూసే మొనగాడు లేడు. కత్తిరించగా మిగిలిన గుడ్డపీలికలన్నీ మూటలు కట్టి అందులో పడేసేవాళ్ళు. ఎప్పుడో గుండీలు కుట్టే ఒకావిడ ఆ మూటల మధ్యే చనిపోయిందట. అప్పట్నుంచీ రాత్రిళ్ళు లోపల్నుంచి తలుపు కొడుతుందని చెప్పుకునేవారు. "తీశారో... మీదకొచ్చేస్తుంది" అని సూపర్‌వైజర్ కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పేవాడు.

మా పిన్ని అక్కడ రాత్రిపూట ఊడ్చే పని చేసేది. ఇదంతా ఆవిడ నోట విన్నదే.

ఓ రాత్రి మెట్ల కింద ఊడుస్తుంటే — టక్... టక్. పిన్ని చీపురు వదిలేసి పైకి పరిగెత్తింది. మర్నాడూ అంతే. మూడో రాత్రి చెవుల్లో దూది కుక్కుకుని వెళ్ళింది. అయినా వినపడింది. ఈసారి కొట్టడం కాదు, గోళ్ళతో గీకడం... ఆగి ఆగి.

కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. అంతలో తలుపు కింది సందులోంచి సన్నగా ఓ గొంతు.

"మంచినీళ్ళు..."

"దెయ్యానికి దాహమేమిటి అనుకున్నానే" అంటుంది పిన్ని. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వదు.

గొళ్ళెం బయటే పెట్టి ఉంది. తీసింది. లోపల మూటల మీద — కాలర్లు కుట్టే పిల్ల. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. జుట్టునిండా పీచు.

"ఎవరు పెట్టారే నిన్నిక్కడ?"

"సూపర్‌వైజర్, అక్కా. అమ్మకి బాగోలేదు, ఇంటికెళ్తానన్నాను. పారిపోతానని రాత్రిళ్ళు ఇందులో పెట్టి, పొద్దున్నే మిషను దగ్గర కూర్చోబెడుతున్నాడు. నోరు విప్పితే మా చెల్లెల్ని కూడా ఇందులోనే..."

పిన్ని తెచ్చిన నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగింది. తర్వాత మెల్లగా అంది.

"రోజూ నీ అడుగులు దగ్గరకొచ్చేవక్కా. తీస్తావనుకునేదాన్ని. అంతలో పరిగెత్తేదానివి."

పిన్ని ఆ పిల్ల జుట్టులో పీచు ఏరుతూ నిలబడిపోయింది.

పైన పనివాళ్ళ హాస్టల్లో పడుకున్న చెల్లెల్ని లేపి, అక్కాచెల్లెళ్ళిద్దర్నీ గేటు దాకా తీసుకెళ్ళింది. ముసలి వాచ్‌మన్ ఆ పిల్ల వంక ఎగాదిగా చూశాడు. ఎక్కడికని అడగలేదు. గేటు తీశాడు.

"తెల్లారితే మనిద్దరి పనీ పోతుంది బాబాయ్" అంది పిన్ని.

"పోనీలే అమ్మా."

పోయింది కూడా. కానీ పిన్నికి నిద్ర పట్టనివ్వనిది అది కాదు. ఆ రాత్రి గేటు మూశాక వాచ్‌మన్‌ని ఒక మాట అడిగింది.

"గుండీలావిడ తలుపు కొట్టడం నువ్వెప్పుడైనా విన్నావా బాబాయ్?"

అతను గేటు గడియ మళ్ళీ ఓసారి సరిచూశాడు.

"ఒక్కసారి విన్నాను. సూపర్‌వైజర్‌కి చెబితే, అటు పోకు, ఏదో గాలి తిరుగుతోందన్నాడు. నమ్మాను."

"ఎప్పుడది?"

"తెల్లారి తలుపు తీస్తే ఆవిడ శవమై కనపడింది చూడు... ఆ ముందు రాత్రి." తన అరచేతి వంక చూసుకున్నాడు. "ఒళ్ళింకా వెచ్చగానే ఉందమ్మా."